తాడు పట్టే మీట

చంటిది ఎడమ చేతిమీదకు చేరినప్పటి నుంచి ఆమెకు మిగిలింది కుడిచెయ్యి ఒక్కటే. వంటా దాంతోనే, బట్టలు ఆరెయ్యడమూ దాంతోనే, మధ్యాహ్నం కంప్యూటర్లో ఆడే పడవ పందెమూ దాంతోనే.

ఆ ఆటలో నలుగురికి ఒక పడవ. చెల్లెలు తెడ్డు వేస్తుంది. మరో ఇద్దరు సరుకు ఎక్కిస్తారు. ఈమె రేవులో నిలబడి, పడవ కొట్టుకుపోకుండా తాడు పట్టుకోవాలి. అందుకు కీబోర్డుకు ఆ కొసన ఒక మీట, ఈ కొసన ఒక మీట కలిపి నొక్కి ఉంచాలి. ఒక్క చెయ్యి ఎంత చాపినా జానెడే కదా. పాప ఒళ్ళు విరుచుకున్నప్పుడల్లా వేలు జారేది, పడవ సరుకుతో సహా ఏటిపాలయ్యేది.

పెళ్ళిళ్ళయి చెరో దిక్కయ్యాక అక్కచెల్లెళ్ళు తీరిగ్గా మాట్లాడుకునేది ఆ పడవ మీదే. ఫోన్లో అయితే "తిన్నావా, పడుకున్నావా"తోనే సరి.

"అక్కా, వీళ్ళు నీ బదులు ఇంకొకర్ని తీసుకుందామంటున్నారు," అంది చెల్లెలు ఒకనాడు ఇయర్‌ఫోన్లో, గొంతు తగ్గించి.

"నన్నేం చెయ్యమంటావే? పాపని తెడ్డుకి కట్టెయ్యనా?"

"ఆట తయారుచేసినవాళ్ళకి చెప్పు. సలహాలు రాసే చోటుంది."

రాయడమంటే ఆమెకు గుండె గుభేలు. మధ్యలో ఆగిన చదువాయె, నలుగురూ చూసేచోట తప్పు రాస్తే నవ్వరూ? రాసి చెరిపి, చెరిపి రాసి, చివరికి పక్కింటావిడతో మాట్లాడుతున్నట్టే రాసేసింది: "తాడుకి ఒక్క మీట చాలు. ఒకసారి నొక్కితే పట్టుకోవాలి, మళ్ళీ నొక్కితే వదలాలి. ఒంటిచేత్తో ఆడేవాళ్ళూ ఉంటారండీ."

కింద ఎవడో, "రెండో చెయ్యి ఏమైంది అక్కా?" అని వెక్కిరించాడు.

"అద్దెకిచ్చాను తమ్ముడూ, ఖాళీ చెయ్యట్లేదు," అని రాసి, రాసినందుకు పొద్దుగూకేదాకా బెంగపడింది.

కొన్నాళ్ళకు ఆ మార్పు నిజంగానే వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆమె మీట ఒక్కసారి నొక్కింది. తాడు బిగుసుకుంది. పాప పాలు తాగుతోంది. పట్టుకోవాల్సిన పని లేని వేళ్ళు ఒళ్ళో వాలాయి. తల గోడకు ఆనింది.

మెలకువ వచ్చేసరికి కిటికీ ఎండ నేల దాటి తలుపు దాకా పాకింది. పడవ! ఉలిక్కిపడి చూసింది. పడవ రేవులోనే ఉంది. ఆమె బొమ్మ తాడు పట్టుకునే ఉంది. ఇదివరకైతే కునుకు పడగానే వేలు జారి తాడు ఊడేది. ఇప్పుడు ఆమె నొక్కితే తప్ప ఊడదు. పడవ రేవు కదలకుండానే పందెం ఎప్పుడో అయిపోయింది. సరుకు ఎక్కించేవాళ్ళు లేరు. చెల్లెలి బొమ్మ ఒక్కటే తెడ్డు పక్కన కూర్చుని ఉంది.

"లేచావా? గురక కూడా పెట్టావు, తల్లీ."

"లేపకపోయావా!"

"వాళ్ళు కేకేస్తామన్నారు. నోరెత్తితే ఊరుకోనన్నాను. అలిగి పోయారు."

"అయితే నా చోటు పోయినట్టే."

"నాదీ పోయిందిలే. ఇద్దరికీ కలిపి ఇంకో పడవ వెతకాలి. తాడు వదులు, పోదాం."

పాప ఇంకా నిద్రలోనే ఉంది. ఆమె మీట మీద వేలు పెట్టింది కానీ నొక్కలేదు.

"ఉండవే, కాసేపు. ఏం వండుకున్నావు ఇవాళ?"