యర్రమ్మ రక్తం

ముంచింగిపుట్టు కొండల్లో కొత్త గింజను ఎవరూ తొందరపడి నోట పెట్టరు. కొర్ర కొత్త పండగనాడు ఇంటికో చేటెడు కొర్రలు తెచ్చి, ఒకే కుండలో వండి, అమ్మవారికీ చనిపోయిన పెద్దలకూ పెట్టాకే తింటారు. యర్రమ్మ కొర్రలు మాత్రం ఆ కుండలో పడి ఏళ్లయింది. మొగుడు జ్వరంతో పోయాడు. తర్వాత కొడుకు రవిబాబు కీళ్ల నొప్పులతో మెలికలు తిరిగి తిరిగి పోయాడు. ఆమె రక్తంలోనే దోషముందన్నారు. ఊరి నోటికి మూకుడు పెట్టగలమా? చివరికి ఆమె కూడా నమ్మేసింది. అదీ అసలు ఘోరం.

ఈసారి పండగనాడే ఆమె కూతురు సరళకి విశాఖలో అవార్డు. వైద్య పరిశోధనకి యూనివర్సిటీవాళ్లు ఏటా ఒక్కరికే ఇచ్చేది. రమ్మని పిల్ల ఎంత బతిమాలినా, దోషమున్న మనిషి అంత సభకెందుకని యర్రమ్మ కదల్లేదు.

ఫోన్ సిగ్నలు ఓ మహారాణి; ఊళ్లోకి దిగదు, కొండమీద బండ దగ్గరే ఉంటుంది. పూజకింకా పొద్దుందని దిసారి ధనుంజయ్, అంటే ఊరి పూజారి, ఆ సభ ఫోన్లో చూద్దామని జనాన్నంతా అక్కడికి తీసుకొచ్చాడు. పక్కింటి బేబి ఫోన్ పట్టుకుంది. యర్రమ్మ అందరికీ వెనక నిలబడింది.

ఫోన్లో సరళ వెనక పెద్ద తెర. దానిమీద ఎర్రటి గుండ్రటి కణాలు, వాటి మధ్య కొడవళ్లలా వంగినవి.

"మా తమ్ముడు రవిబాబుది ఈ సికిల్ సెల్ జబ్బే" అంది సరళ. "ఇది ఒక్క తల్లి వల్ల రాదు. అమ్మలో సగం, నాన్నలో సగం ఉంటాయి. రెండూ ఒకే బిడ్డకి వస్తేనే జబ్బు. ఆ సగం మా కొండల్లో చాలా ఇళ్లలో ఉంది. అది ఉన్నవాళ్లని మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. మా తాతముత్తాతలు ఈ అడవుల్లో బతికి బట్టకట్టడంలో దీనికీ పాలుంది. మా అమ్మ రక్తం అలాంటిది."

సభంతా లేచి నిలబడింది. బండమీద తలలన్నీ వెనక్కి తిరిగాయి. యర్రమ్మ తన మణికట్టు కేసి చూసుకుంది. పచ్చబొట్టు కింద నరం కొట్టుకుంటోంది. ఎన్ని తరాల ముసలమ్మలు, ఎన్ని వానాకాలాలు దాటి, దీన్ని తనదాకా మోసుకొచ్చారో. ఇన్నాళ్లూ తిట్టుకున్న రక్తమిదేనా?

"అయితే మా ఇంట్లోనూ ఉంటాదేటి?" అంది బేబి మెల్లగా.

"ఉండొచ్చు. నా ఇంట్లోనూ ఉండొచ్చు" అన్నాడు దిసారి. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "యర్రమ్మా, నీ కొర్రలు తే."

"నా గుంటడు పోయిన్నాడు మీరెవరూ గుమ్మం తొక్కనేదు, బాబూ."

దిసారి తల దించుకున్నాడు, సాకులేవీ చెప్పలేదు. అందుకే ఆమె ఇంటికెళ్లి కొర్రలు తెచ్చింది.

అన్నం ఉడికాక పెద్దలకి వేసిన ఆకుల పక్కన యర్రమ్మ మరో ఆకు వేసింది. "ఇది మా రవిబాబుది" అంది. ఎవరూ కాదనలేదు. ఆమె కొడుక్కి వడ్డించి వచ్చి కూర్చునేదాకా ఊళ్లో ఒక్కరూ ముద్ద ఎత్తలేదు.