చమేలీ పక్కన నిలబడ్డ మనిషి

జమాలున్నీసా తండ్రి ఫొటో ఎన్నడూ గోడకెక్కలేదు. నమాజు చదివే ఇంట్లో మనిషి బొమ్మ కండ్ల ముందర ఉండొద్దని ఆమె తల్లి పెట్టిన కట్టుబాటు. అందుకే అరవై ఏండ్ల నుంచి ఆ ఫొటో ఇనుప బీరువా నడిమి అరలో, పాత దుపట్టాలో చుట్టుకొని ఉంది. పై అర ఆమెకు అందదు. రోజూ పగటి నమాజు అయినంక బీరువా తెరిచి, దుపట్టా ముడి విప్పి, ఆ రోజు సంగతులన్నీ ఆయనకు చెప్పి, మళ్ల ముడేసి తలుపు మూస్తది. పెద్ద కొడుకు లారీ కింద పడి పోయిన సంగతి అట్లనే చెప్పింది. కంటి ఆపరేషన్ అంటే భయమైతుందని అట్లనే చెప్పింది.

"ఇయ్యాల తాత ఏమన్నడు అమ్మీ?" అని కోడలు అంబ్రీన్ ఎక్కిరిస్తది.

"నీ కోడలు చాయ్‌ల చక్కెర గుమ్మరిస్తుంది, జర చెప్పు అన్నడు."

ఫొటోలో ముప్పై ఏండ్ల మనిషి. వెడల్పు నొసలు, నిండు మీసం, గడ్డం మీద చిన్న గాటు. ఒంటి మీది నల్ల కోటు, పెదవుల మీది ఎరుపు మాత్రం కరీంనగర్ స్టూడియో ఆయన కుంచెతో పెట్టినవి.

ఆయన పేరు రజాక్. ఖానాపూర్ అవతలి అడవిలో తెల్లదొరల కలప కాంపు ఉన్న కాలంలో చమేలీ అనే ఆడ ఏనుగుకు మావటి. నరికిన టేకు మొద్దులను ఏనుగులు గొలుసులతో వాగు దాకా గుంజుకొస్తే, వానకాలం వరదలో అవి గోదావరికి పోయేవి. ఒక ఏడు కొట్టవలసిన చెట్లన్నీ అయిపోయినయి, కాంపు ఎత్తేసిండ్రు. ఏనుగులను ప్రాణహిత దాటించి చాందా దిక్కు ఇంకో దొరకు అప్పగించిండ్రు. కూలోల్లు ఇండ్లకు పోయిండ్రు. మావటికి మాత్రం ఆ వీలు లేదు. కొత్త మనిషి మాట ఏనుగు వినదు. మచ్చిక అయ్యేదాకా పాత మనిషి దాని పక్కన ఉండాల్సిందే. రెండు నెలలల్ల వస్తనని చెప్పి రజాక్ చమేలీ వెంట నడిచి పోయిండు. జమాలున్నీసాకు అప్పుడు నాలుగేండ్లు. ఇప్పుడు ఎనబై మూడు.

జ్వరమొచ్చి పోయిండని ఒకరు, ఆడనే ఇంకో ఇల్లు చేసుకున్నడని ఒకరు చెప్పిండ్రు. సమాధి చూసినోల్లు ఎవ్వరూ లేరు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు పెట్టె సర్దుకున్నా, ఎన్నడొస్తరని ఆమె పదిసార్లు అడుగుతది.

ఆమె బడికి పోలేదు. కొడుకులు ఓనమాలు దిద్దుతుంటే వెనుక కూర్చొని తానే నేర్చుకుంది. పేపరు వస్తే చావు కబుర్ల కాడ మొదలుపెట్టి ఒక్క అక్షరం వదలదు. అట్ల చదువుతుంటేనే మొన్న జిల్లా పేజీలో కనపడింది. ఖానాపూర్ అడవి బంగ్లాలో పాతకాలపు కలప ఏనుగుల ఫొటోలు పెట్టిండ్రట. పక్కన అగ్గిపెట్టె అంత బొమ్మ: ఒక ఏనుగు, దాని ముందర వరుసగా మనుషులు.

ఆమె పేపరును కండ్లకు దగ్గర పెట్టుకుంది. ఇదే ఆ ఫొటో. కాంపు ఎత్తేసే రోజు దిగింది. దొర తలా ఒకటి ఇప్పించిన చిన్న కాగితం తమ ఇంట్లో కూడా ఉండేది. అన్న మోయిజ్ దాన్ని కరీంనగర్ తీసుకపోయి తండ్రి మొఖం ఒక్కటి పెద్దగ చేయించుకొచ్చిండు. తర్వాత ఆ కాగితాన్ని చెదలు తినేసినయి.

మొఖం ఒక్కటే చూసింది ఆమె ఇన్నేండ్లు. తండ్రిని నిండుగ చూడాలె. చేతులు చూడాలె, కాళ్లు చూడాలె, ఏనుగు పక్కన ఎట్ల నిలబడ్డడో చూడాలె. రెండో కన్ను కూడా మసకబారకముందే చూడాలె.

"రేపు పోదాం అమ్మీ, ఏం తొందర?" అన్నది అంబ్రీన్.

"రేపటికి ఫొటోలు తీసేస్తే? వాన వస్తే? నాకేమన్న అయితే?"

అంబ్రీన్ ఆటో పిలిచింది. ఆమె బీరువా ఫొటోను దుపట్టాతో సహా సంచిలో పెట్టుకొని ఎక్కింది. అడిగితే రుజువుండాలె కదా.

బంగ్లా వరండాలో అద్దాల ఫొటోలు వరుసగా వేలాడుతున్నయి. నుదుటితో మొద్దును నెట్టే ఏనుగు, వాగులో పండుకొని ఒళ్లు రుద్దించుకునే ఏనుగు, పేము కుర్చీలో దొర, వాని కాళ్ల కాడ కుక్క. మనుషులు కూడా ఉన్నరు, పప్పుగింజలంత. జమాలున్నీసా ఒక్కొక్క దాని ముందు ఆగి, కాదని, మళ్ల నడిచింది.

ఐదో ఫొటో ముందర ఒక ముసలామె అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డది. కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తుంది.

"జర పక్కకు జరుగమ్మా," అన్నది జమాలున్నీసా. "మా అబ్బా ఉన్నడు దాంట్ల."

"మా బాపు కూడ గీడనే ఉన్నడు. ఏనుగు పట్టినకాడ మనిద్దరం పట్టమా ఏంది?"

ఇద్దరూ తలలు దగ్గరపెట్టి చూసిండ్రు. ఏనుగు నిండుగ ఉంది. ఏడుగురు మనుషులు. "ఇగో," అని జమాలున్నీసా వేలు పెట్టింది. "ఇగో," అని ఆమె కూడా పెట్టింది. రెండు వేళ్లు ఎడమ కొసకు, ఒక్క మొఖం మీదనే ఉన్నయి.

"నువ్వు తప్పు చూస్తున్నవ్," అన్నది జమాలున్నీసా.

"నేను తప్పు చూస్తున్ననా? మా బాపు లక్ష్మీరాజం. హుస్నాబాద్ల మగ్గం నేసేటోడు. లడాయి రోజులల్ల నూలు దొరకక గీ అడివిల మొద్దులకు గొలుసు కట్టే పనికి వచ్చిండు. గా గడ్డం మీది గాటు సూడు, చిన్నప్పుడు మగ్గం గుంతల పడ్డడు. నాకు పన్నెండేండ్లు వచ్చిందాక నన్ను పక్కల కూసోపెట్టుకొని తిన్న మనిషక్కా! నాకు ఎరుకలేదా?"

"అరవై ఏండ్ల నుంచి రోజు మాట్లాడుతున్న. నాకు ఎరుకలేదా?" జమాలున్నీసా సంచిలోంచి ఫొటో తీసి, ముడి విప్పి ముందర పెట్టింది. "ఇగో, చూడు!"

ముసలామె చూసింది. కండ్ల నీళ్లు చెంపల మీద ఉండంగనే ఆమెకు నవ్వు పుట్టింది.

"ఓయవ్వో! మమతా, ఇటు రాయే! మా బాపుకు కోటు తొడిగిండ్రే! చిరిగిన అంగి తప్ప ఎరుగని మనిషికి!"

"మెల్లగ మాట్లాడు సక్కుబాయత్తా, అందరు చూస్తున్నరు," అని కోడలు మమతారాణి ఉరికొచ్చింది.

ఫొటోలు పెట్టిన సుధాకర్ కూడా వచ్చిండు. అడవి శాఖలో రేంజర్ చేసి దిగిపోయిన మనిషి. దొర మనుమలను అడిగి ఈ ఆల్బం నకళ్లు తెప్పించింది ఆయనే.

"కొట్లాడకుండ్రి అవ్వా. ఫొటో ఎనుక దొర రాసిపెట్టిండు," అని ఒక కాగితం తెచ్చి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చదివిండు. ముందు ఏనుగు పేరు, దాని వయసు, దాని ఎత్తు. ఆ తర్వాతనే మనుషులు. "ఎడమ దిక్కు నుంచి. లక్ష్మీరాజం, గొలుసు మనిషి." నడుమ ఐదు పేర్లు. "కుడి కొసకు రజాక్, మావటి. కదిలిండు."

"కదిలిండు అంటే?" అన్నది అంబ్రీన్.

సుధాకర్ కుడి కొస చూపిండు. చమేలీ ముందరి కాలు పక్కన ఒక మనిషి. ఉత్త పాదాలు, వేళ్లతో సహా సాఫ్‌గా ఉన్నయి. ఎత్తిన చెయ్యి ఏనుగు తొండం మీద ఉంది, అది కూడా సాఫ్‌గానే ఉంది. మెడ మీద మొఖం ఉండాల్సిన కాడ మాత్రం తడి పలకను వేలుతో రాసినట్టు బూడిద రంగు మరక.

"అప్పటి డబ్బా కెమెరాలు అవ్వా. అడివి నీడల వెలుతురు సాలదు. మూడు లెక్కపెట్టిందాక ఊపిరి బిగవట్టుకొని నిలబడాలె. ఏనుగు కూడ నిలబడ్డది పాపం. గీయనే తల తిప్పిండు. ఎవలో పిలిచి ఉంటరు."

జమాలున్నీసా పోయి వరండా మెట్ల మీద కూర్చున్నది. అంబ్రీన్ నీళ్లు తెస్తే తాగలేదు.

ఆ రోజు ఆమెకు కొంచెం గుర్తుంది. మూడు కాళ్ల డబ్బా, దాని మీద నల్ల గుడ్డ, గుడ్డలో దూరిన దొర. అన్నిటికన్న గట్టిగ గుర్తున్నది తన నోటిని మూసిన అమ్మ చెయ్యి. ఆ చేతికి ఎల్లిపాయ వాసన. కానీ తాను "అబ్బా" అని పిలిచినంక ఆ చెయ్యి పడ్డదా, పిలుస్తదేమో అని ముందే పడ్డదా? బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఎంత వెతికినా అది మాత్రం దొరకలేదు.

అమ్మ. స్టూడియో ఫొటో ఇంటికొచ్చిన రోజు అమ్మ దాన్ని చేతుల్లోకి తీసుకొని చాలాసేపు చూసింది. అన్న నిలబడే ఉన్నడు, ఏమంటదో అని. స్టూడియో ఆయన ఏడు మొఖాల్లో మంచిగ పడ్డ మొఖాన్ని ఎంచుకుంటే, చిన్నప్పుడే తండ్రి దూరమై మొఖం మరిచిన అన్న అదే అనుకొని మురిసిపోయి తెచ్చిండు. "రంగు మంచిగ వేసిండు," అన్నది అమ్మ. తలమీది కొంగు ముందుకు గుంజుకొని పొయ్యి కాడికి పోయింది. ఆ తర్వాత ముప్పై ఏండ్లు బతికింది. ఒక్కనాడు కూడా ఆ బీరువా తెరవలేదు. నమాజు కట్టుబాటు అనుకుంది జమాలున్నీసా. పరాయి మనిషి మొఖమని తెలిసి, పిల్లలకు ఒక తండ్రి ఉండనీ అని ఊకుందని ఇప్పుడు తెలిసింది.

సక్కుబాయి వచ్చి పక్కన కూర్చున్నది. ఫొటో ఆమె చేతిలోనే ఉంది. కొంగుతో అద్దం తుడిచి జమాలున్నీసా ఒడిలో పెట్టింది.

"నువ్వే ఉంచుకో అక్కా. ఇన్నేండ్లు నువ్వే సాదుకున్నవ్."

"మీ ఇంట్ల లేదా?"

"ఏడిది? దొర ఇచ్చిన కాగితం బాపు తొవ్వల వానకు తడిపిండట. పెత్రమాసకు పెద్దోల్లతో పాటు పేరు చెప్పి బియ్యమిస్తం. బొమ్మ లేదు. నా మనుమలకు ఆయన మొఖమే ఎరుక లేదు."

జమాలున్నీసా ఒడిలోని మొఖం దిక్కు చూసింది. తన బతుకంతా విన్న మొఖం. దానికేమో తాను ఎవరో తెలియదు.

"సక్కుబాయీ, మీ బాపు ఎన్నడన్న మావటి ముచ్చట చెప్పిండా?"

సక్కుబాయి కండ్లు మూసుకొని ఆలోచించింది. "ఏం యాదికుంటది అక్కా... ఒక్కటి చెప్పేటోడు. మావటి బాగ పొట్టి మనిషట. 'ఏనుగెక్కితేనే కనవడేది, దిగితే గడ్డిల ఎతుక్కోవాలె' అని నవ్వేటోడు."

జమాలున్నీసా లేచి మళ్ల ఫొటో కాడికి పోయింది. కుడి కొస మనిషి తల పక్కవాని భుజానికి రాలేదు. ఇంతసేపు మొఖం మరకనే చూసింది గాని అది చూడలేదు. తన కాళ్ల దిక్కు చూసుకుంది. పెండ్లి చూపుల్లో ఎత్తుపీట వేసి నిలబెట్టిన కాళ్లు. అన్న పొడుగు, అమ్మ పొడుగు. ఈ పొట్టితనం ఎవరిదో ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

సుధాకర్ ఆ ఫొటో నకలు ఒకటి చుట్టి ఆమెకు ఇచ్చిండు.

హుస్నాబాద్ పోవాల్సిన సక్కుబాయికి పన్నెండు గంటలకు కరీంనగర్ బస్సు. జమాలున్నీసా కూడా బస్టాండ్ దాకా వచ్చింది. సక్కుబాయి కిటికీ పక్కన కూర్చున్నంక, కింద నుంచి దుపట్టా మూట అందించింది. అందించింది గాని కొస వదలలేదు.

"ఎండ తగలనియ్యకు. పెదవుల రంగు ఎలిసిపోతది. అద్దం మీద నీళ్లు పొయ్యకు, పొడి గుడ్డ పెట్టు. మధ్యాహ్నం పూట జర మాట్లాడు. అలవాటైంది."

"ఏం మాట్లాడాలక్కా?"

"ఏదన్న. ఆయన ఏం అనుకోడు."

డ్రైవర్ హారన్ కొట్టిండు. సక్కుబాయి మూటను రెండు చేతులా పట్టుకొని, "వదులక్కా," అన్నది మెల్లగ. జమాలున్నీసా వదిలింది. బస్సు మూల తిరిగేదాకా ఆమె చెయ్యి గాలిలో అట్లనే ఉంది. అంబ్రీనే దాన్ని కిందికి దించింది.

ఇంటికి వచ్చినంక నకలును మంచం మీద పరిచి కూర్చున్నది. బీరువా దిక్కు పోలేదు. అంబ్రీన్ చాలాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి ఫోన్ పట్టుకొని పక్కన కూర్చున్నది.

"అమ్మీ, ఇప్పుడు ఫోన్‌ల ఒకటి వస్తుంది. మసక మొఖాన్ని సాఫ్ చేసి చూపెడ్తది. కండ్లు, ముక్కు, అన్ని."

జమాలున్నీసా తల ఎత్తింది. "నిజంగనా?"

"నిజం. రెండు నిమిషాల పని."

"అదేమన్న ఆయనను చూసిందా?"

అంబ్రీన్ ఫోన్‌ను దగ్గరికి జరిపింది. "అందాజగ పెడ్తది. ఒక్కసారి చూస్తే పోయేదేముంది అమ్మీ?"

జమాలున్నీసా చెయ్యి ఫోన్ దాకా పోయింది. రెండు నిమిషాలు. ఎనబై ఏండ్ల నుంచి వెతుకుతున్న మొఖం రెండు నిమిషాల్లో. వేళ్లు ఫోన్‌ను తాకి ఆగినయి.

"వద్దు బేటా. మళ్ల మంచిగనే ఉంటది. మళ్ల నమ్ముత."

అంబ్రీన్ ఫోన్ పక్కకు పెట్టింది. ఇద్దరూ ఆ బూడిద మరకను చూసుకుంట కూర్చున్నరు. మరక కింద తొండం మీది చెయ్యి, ఐదు వేళ్లు, బొటనవేలి గోరు కూడా కనపడుతుంది. జమాలున్నీసా తన చెయ్యిని దాని పక్కన పెట్టి చూసుకుంది. ముసలిచెయ్యికి, ముప్పై ఏండ్ల చెయ్యికి పోలిక ఏం తెలుస్తది.

పొద్దు గూకే వేళకు ఆమెకు కుదురు లేకపోయింది. బస్సు ఎక్కడిదాకా పోయిందో, కరీంనగర్‌లో మారేటప్పుడు సక్కుబాయి మూట మరిచిందో ఏమో, అద్దం పగిలిందో ఏమో. "ఫోన్ కలుపు," అన్నది. అంబ్రీన్ మమతారాణి నంబర్ కలిపి చెవి కాడ పెట్టింది. అవతల మరమగ్గాలు దడదడలాడుతున్నయి. వాటి నడుమ సక్కుబాయి గొంతు వచ్చింది.

"సక్కుబాయీ! చేరిండా?"

ఏదో జవాబు వచ్చింది. మగ్గాల చప్పుడులో కొట్టుకపోయింది. జమాలున్నీసా ఫోన్‌ను రెండు చేతులతో చెవికి అదుముకుంది.

"వినపడలే. మళ్లొక్కసారి చెప్పు."

"చేరిండక్కా!" అని సక్కుబాయి మగ్గాల మీదికెల్లి గట్టిగ అరిచింది. "చేరిండు! మంచిగ చేరిండు!"