ఊడిపోయిందా, తీసేశాడా

బిందుమాధవి మెట్లెక్కి వచ్చేసరికి తరన్నుమ్ పిల్లల నోట్సులు దిద్దుతోంది. అనకాపల్లి మెయిన్‌రోడ్డులో తండ్రి నాగూర్ మీరా చెప్పుల షాపు మీద ఉన్న గదిలో పదకొండేళ్లుగా ఆమె స్పోకెన్ ఇంగ్లీషు నేర్పుతోంది. ఆ పూట ఆమెకు ఒళ్లు మండుతోంది. అమ్మని బాగా చూసుకున్నాను అని రాయమంటే సగం మంది ‘సా ఆఫ్టర్’ అని రాశారు. ‘లుక్‌డ్ ఆఫ్టర్’ అని ముందురోజే బోర్డు మీద మూడుసార్లు రాసింది. క్రియ పక్కన ఒక చిన్నమాట చేరితే అర్థమే మారిపోతుందని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పినా అంతే.

బిందుమాధవి అలాంటిది కాదు. ఎలమంచిలి నుంచి రోజూ రైల్లో వచ్చి నేర్చుకుంది. ఆ చిన్నమాటల విషయంలో ఒక్కసారి చెబితే చాలు, మళ్లీ తప్పేది కాదు. ఇప్పుడు ఒక రసాయనాల ఫ్యాక్టరీలో సేఫ్టీ విభాగంలో పనిచేస్తోంది. అందుకే ఆమెను చూడగానే తరన్నుమ్ నోట్సులన్నీ పక్కకు తోసేసింది.

“మీ సంతకం, స్టాంపు కావాలి మేడమ్,” అంటూ బిందుమాధవి రెండు కాగితాలు టేబుల్ మీద పెట్టింది. “మా ఫ్యాక్టరీలో ఒకాయనకి గేసు తగిలింది. ఆయన తెలుగులో చెప్పింది ఇది. నేను ఇంగ్లీషులోకి మార్చింది ఇది. అనువాదం సరిగ్గా ఉందని బయటివాళ్లెవరైనా రాసివ్వాలంట.”

తరన్నుమ్ ముందు తెలుగు కాగితం చదివింది. సత్తియ్య, ట్యాంకులు కడిగే కూలీ. సూపర్‌వైజరు దిగమంటే ట్యాంకులోకి దిగేను. మాస్కు బెల్టు అంతకుముందే తెగిపోతే ముడేసుకున్నాను. లోపలికెళ్లాక మాస్కు ఊడిపోనాది.

ఇంగ్లీషు కాగితంలో సూపర్‌వైజరు మాటా లేదు, బెల్టు సంగతీ లేదు. ‘హీ వెంట్ ఇన్‌టు ద ట్యాంక్. హీ టుక్ ఆఫ్ హిజ్ మాస్క్’ అని ఉంది.

తరన్నుమ్ ఎర్రపెన్ను తీసి ‘హీ టుక్ ఆఫ్’ దగ్గర కొట్టేసి, ‘కేమ్ ఆఫ్’ అని రాయబోయింది. “ఇక్కడ నువ్వు తప్పడమేటి బిందూ? టుక్ ఆఫ్ అంటే తనే తీసేసినట్టు. కేమ్ ఆఫ్ అంటే దానంతటదే ఊడిపోయినట్టు.”

“తెలుసు మేడమ్,” అంది బిందుమాధవి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

తరన్నుమ్ పెన్ను ఆగిపోయింది. “తెలిసే రాసేవా?”

“గ్రామర్ తప్పు లేదు కదా మేడమ్. చిన్నమాటే. ఇలాగైతే కంపెనీ మీదకి రాదని మా సార్ అన్నారు. వచ్చే నెల నలభైమంది ట్రైనీలని మీ దగ్గరికే పంపుతామన్నారు.”

అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాక వెంట్రుక తగిలినట్టయింది తరన్నుమ్‌కి. అంతకంటే అసహ్యం వేసింది మరొకందుకు. నలభైమంది అనగానే, ఇంకో పది కుర్చీలు ఎక్కడ పట్టిస్తానా అని ఒక్క క్షణం గది మూలల కేసి చూసింది. చప్పున చూపు తిప్పుకుని కాగితాలు బిందుమాధవి వైపు తోసింది.

“తీసుకెళ్లిపో,” అంది.

“మీరు కాకపోతే ఇంకొకరు చేత్తారు మేడమ్.” బిందుమాధవి కాగితాలు సర్దుకుంటూ ఎర్రగీత చూసి మొహం చిట్లించింది. “ఈ పేజీ మళ్లీ ప్రింటు తియ్యాలి.”

మర్నాడు పొద్దున తరన్నుమ్ సత్తియ్య ఎక్కడున్నాడో కనుక్కుని ఆసుపత్రికి వెళ్లింది. ముక్కులో గొట్టంతో పడుకుని ఉన్నాడు. పక్కన అతని భార్య తలుపులమ్మ తడిగుడ్డతో పెదాలు తుడుస్తోంది. తరన్నుమ్ తానెవరో చెప్పగానే, కంపెనీ వాళ్లు సత్తియ్య చేత సంతకం చేయించుకుని ఇచ్చిన ఇంగ్లీషు కాగితం నకలు తలగడ కిందనుంచి తీసింది.

“ఏటి రాసున్నాదో సెప్పమ్మా. బాగయ్యేదాకా కంపెనీయే సూసుకుంతాదని రాసేమని ఆ పాప సెప్పింది.”

“ఏ పాప?”

“ఎలమంచిలి పాపంట. మంచిగా మాటాడింది.”

తరన్నుమ్ ఆ కాగితాన్ని కొసలతో పట్టుకుని చదివింది. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయనంతట ఆయనే ట్యాంకులోకి వెళ్లాడని, ఆయనే మాస్కు తీసేశాడని.

సత్తియ్య తల తిప్పాడు. “నాను తియ్యలేదు,” అన్నాడు. ఊపిరి కూడదీసుకోవడానికి ఆగాడు. “గేసు కొడతంటే ఎవుడైనా మాస్కు తీత్తాడేటమ్మా.”

ఆమె అక్కడే కూర్చుని అతను చెప్పింది ఇంగ్లీషులో రాసింది. ‘వెంట్ ఇన్‌టు’ కాదు, ‘వాజ్ సెంట్ ఇన్‌టు’. వెళ్లాడని కాదు, పంపారని. ప్రతి వాక్యం తెలుగులో చదివి వినిపించి, అతను తల ఊపాకే తర్వాతిది రాసింది. అడుగున అతని సంతకం, తన సంతకం, స్టాంపు. ఆ సాయంత్రమే ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపింది.

మూడు వారాలకు, సత్తియ్య ఆసుపత్రి నుంచి లేచి వచ్చాక, అధికారి ఆఫీసులో విచారణ జరిగింది. అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, కంపెనీ అనువాదం ఎవరు చేశారని అడిగాడు.

బిందుమాధవి లేచింది. “చిన్న పొరపాటు జరిగింది సార్. ప్రిపొజిషన్ల దగ్గర తెలుగువాళ్లకి కన్‌ఫ్యూజన్ మామూలే.” అని తరన్నుమ్ వైపు చూసి నవ్వింది, అవునంటుందని ధీమాగా.

ఆ నవ్వు చూసేసరికి తరన్నుమ్ నోరంతా చేదైపోయింది. “ప్రిపొజిషన్లు ఈ అమ్మాయికి నేనే నేర్పేను సార్,” అంది. “నా దగ్గర చదివినవాళ్లలో వాటిలో ఒక్క తప్పూ చెయ్యనిది ఈమే.”

అధికారి మాస్కు తెప్పించాడు. తెగిన బెల్టుకు సత్తియ్య వేసుకున్న ముడి ఇంకా అలాగే ఉంది. బెల్టు పాడైన మాస్కుతో కూలీని ట్యాంకులోకి దింపారని, లోపల అది ఊడిపోయిందని ఆయన నివేదికలో రాసి, సత్తియ్య చేత మళ్లీ సంతకం పెట్టించాడు. బిందుమాధవి ఉద్యోగం పోలేదు. వేరే విభాగానికి మార్చారని తర్వాత తెలిసింది.

బయటికొచ్చాక సత్తియ్య మెట్ల మీద ఆయాసపడుతూ కూర్చున్నాడు.

“ఇప్పుడేటని రాసేరమ్మా?” అని అడిగింది తలుపులమ్మ.

“ఊడిపోయిందనే రాశారు.”

“ఆయన మొదట్నించీ సెప్తన్నది అదే కదా. ఆ ఒక్క ముక్కకి ఇన్ని కాయితాలా?” పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మింది. తర్వాత మొగుడి చంక కింద చెయ్యి వేసి లేపింది. రెండో పక్క తరన్నుమ్ పట్టుకుంది. ముగ్గురూ మెల్లగా సత్తియ్య వాళ్ల ఊరు కోటపాడు వెళ్లే బస్సు ఆగే చోటికి నడిచారు.