గోవిందమ్మ గడపకొచ్చిన అల

నోరుంది గదా అని ఒకరి బతుకు మీద అబద్ధం ఆడేసి, గోడకు జారగిలబడి హాయిగా కునుకు తీస్తావే, నీకే చెప్పేది. ఆ ఆవులింత ఆపి విను.

పుంగనూరు దగ్గరి పల్లెలో గోవిందమ్మ తెల్లారేసరికి కొట్టంలో పేడ తీసేది, పాలు పితికేది, పసరాలను గుట్టకు తోలేది. డెబ్బై దాటినా ఆ పని తప్పలేదు. పున్నమికీ అమావాస్యకూ మాత్రం పొద్దున్నే సముద్రపు అల ఒకటి వచ్చి ఆమె గడపను తాకి పోయేది. ఆ కరువు సీమలో దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. పక్కింటి చిన్నక్క ఆ పూట వాకిట్లో వడియాలు పెట్టేది కాదు, అంతే. పిల్లలు గవ్వలు ఏరుకునేవాళ్లు. గోవిందమ్మ గడప లోపలే నిలబడేది. మొగుడు నీళ్లు దాటి పోతే పెండ్లాం ఉప్పునీళ్లు తొక్కరాదని వాళ్ల ఇండ్లలో కట్టుబాటు. తొక్కితే అక్కడ మొగుడికి కీడు.

ఆమె మొగుడు దేవప్పను వయసులో ఉండగానే ద్వీపాంతరం పంపారు. కుప్పం సంతలో ఎద్దుల జగడంలో అతని కర్ర తగిలి ఒక మనిషి చచ్చిపోయాడు. ఆనాటినుంచి కబురు లేదు. బొట్టు తీయాలో ఉంచాలో చెప్పేవాళ్లు లేక గోవిందమ్మ ఉంచుకునే ఉంది. మరిది సిద్దప్ప పంచన పడి, అతని పసరాలు కాస్తూ ముసలిదైపోయింది.

1978లో మదనపల్లె నుంచి బడిలో చదువు చెప్పే గంగాధరం అయివారు వచ్చాడు. ఈ పక్క ఊళ్ల నుంచి అండమాను దీవులకు పంపిన ఖైదీల చరిత్ర రాయాలని పాత సర్కారు కచేరీ కాగితాల కట్టలు తిరగేస్తున్నాడు. దేవప్ప అర్జీ నకలు తెచ్చి అరుగు మీద కూర్చుని అందరికీ వినబడేలా చదివాడు. మంచిగా నడుచుకున్నందుకు తనకు గుడిసె వేసుకోనిచ్చారని, ఆవులు కూడా ఉన్నాయని, పెండ్లాన్ని సర్కారు ఓడలో పంపమని దేవప్ప వేడుకున్నాడు. ఆ అర్జీ కిందే విచారణ కాగితమూ ఉంది: విచారణకు వచ్చిన మనిషికి, ఆమె చచ్చిపోయిందని చెప్పి వేలిముద్ర వేసింది సిద్దప్ప.

అరుగు చివర సిద్దప్ప ఆకువక్క నములుతూనే ఉన్నాడు.

"యాలప్పా అట్ల చెప్తివి?" అని అడిగింది చిన్నక్క.

"వదిన పోయింటే పసరాలను ఎవురు కాస్తారు?"

గోవిందమ్మ అతని వైపు చూడనే లేదు. "రమ్మనే రాసినాడా అయివారా?"

"రమ్మనే రాశాడు అవ్వా."

"ఇంగోతూరి చదువు సామీ."

పొద్దు గుంకేదాకా చదివించుకుంది. ఇన్నేండ్లూ ఆ అల తన గడప దగ్గరికి ఎందుకు వచ్చి పోతోందో ఆమెకు అప్పుడు తెలిసింది.

పున్నమి పొద్దున తలకు పోసుకుని, సంగటి మూట కట్టుకుంది. ఆయప్ప ఉండాడో లేడో, ఈ వయసులో ఎందుకు అక్కా అని చిన్నక్క చెయ్యి పట్టుకుంది.

"ఉంటే సంగటి పెడతా. లేకుంటే ఆ గుడిసె ముందర కూసుంటా. పిలిచినాక పోకుంటే ఎట్లమ్మా?"

గడప దిగి అలలో కాలు పెట్టింది. మదనపల్లె బస్సెక్కినంత మామూలుగా వెళ్లిపోయింది. అల మళ్లీ రాలేదు.

కాసేవాళ్లు లేక సిద్దప్ప పసరాలను సంతకు తోలాడు. ఈ ఆవు చూడిది అంటే నమ్మినవాడు లేడు. పంచాయతీకి సాక్షిగా పిలిచినవాడూ లేడు. రానురాను ఇంట్లోనూ అతని మాటకు విలువ పోయింది. ఒక మధ్యాహ్నం రొమ్ములో నొప్పిగా ఉందన్నాడు. రెండోసారి కూడా అన్నాడు. పని ఎగ్గొట్టడానికి చెప్పే మాటలే అనుకుంది కోడలు. చేటలో రాగులు చెరగడం అయ్యాకే లేచి చూసింది. అప్పటికి సిద్దప్ప లేడు.