కాశీలో వదిలిన చాయ్

కాశీకి వెళ్ళినవాళ్ళు తమకు ఇష్టమైనదేదో ఒకటి గంగ ఒడ్డున వదిలి రావాలని మా ఇంట్లో పెద్దలు చెప్పేవారు. ఒకసారి వదిలితే మళ్ళీ ఈ జన్మలో ముట్టకూడదు. మా అల్మాస్‌గూడ కాలనీ నుంచి వెళ్ళిన ముప్పై ఆరు మందిలో ఇరవై మంది దాకా కాకరకాయ వదిలారు. ఒకాయన సీతాఫలం అన్నాడు. అది ఎట్లాగూ ఏడాదిలో రెండు నెలలే దొరుకుతుంది. నా వంతు వచ్చినప్పుడు పంతులు మంత్రం ఆపి నా ముఖం చూశాడు. నచ్చనిది ఇచ్చి, ఇచ్చానని చెప్పుకోవడం నాకు సిగ్గనిపించింది. "చాయ్" అన్నాను.

పక్కన నిలబడ్డ నా భార్య అండాలమ్మ మోచేతి మీద గిల్లింది. "జర సోంచాయించి చెప్పు" అంది. అప్పటికే పంతులు నా చేత నీళ్ళు వదిలించాడు. ఆమె తన వంతుకు పొట్లకాయ అని చెప్పి నిమిషంలో బయటపడింది.

ఆ రోజు మనసు తేలికగా ఉంది. తిరుగు ప్రయాణంలో అమ్మేవాళ్ళు రైలంతా చాయ్ చాయ్ అని కేకలు వేస్తూ తిరిగినా నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. ఇంతేనా అనుకున్నాను. ఇంతే కాదని సోమవారం పదకొండు గంటలకు తెలిసింది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తాను. చుట్టూ కోచింగ్ సెంటర్లు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి కాగితాలు పెట్టడం, తీయడం, చిల్లులు కొట్టి స్పైరల్ ఎక్కించడం. పని మీద నాకు ఫిర్యాదు లేదు. షాపు పైన రెండో అంతస్తులో ఒక కోచింగ్ సెంటర్ ఉంది. అందులో శ్రీరామమూర్తిగారు ప్రశ్నపత్రాలు టైపు చేస్తారు. భీమవరం వైపు మనిషి. ఇరవై ఏళ్ళ కిందట వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డారు. రోజూ పదకొండుకు ఆనాటి పేపర్లు పట్టుకుని మెట్లు దిగి, నా బల్ల మీద పెట్టి, "పదండి" అనేవారు. మెట్రో పిల్లర్ పక్కన సైదులు చాయ్ బండి. అక్కడ మాకు వన్ బై టూ.

అంటే ఒక చాయ్‌ను రెండు గ్లాసుల్లో పోస్తారు. మూర్తిగారికి షుగర్. రోజుకు సగం గ్లాసు మించవద్దని డాక్టర్ చెప్పాడు. నాకు నిండు గ్లాసు తాగితే కడుపులో మంట. తొమ్మిదేళ్ళు అట్లా తాగాం. సైదులు ఎంత చూసి పోసినా ఒక గ్లాసులో కాస్త ఎక్కువ పడేది. దాన్ని ఆయన నా వైపు జరిపేవారు, నేను ఆయన వైపు జరిపేవాణ్ణి. ఏం మాట్లాడుకునేవాళ్ళం అంటే చెప్పలేను. చింతచిగురు వచ్చిందా, ఏ ప్రశ్నకు జవాబు తప్పు పడింది, మెట్రో ఎందుకు ఇంత నిండిపోయి వెళుతోంది. ఆయన ఇల్లు నేను చూడలేదు. నా ఇల్లు ఆయన చూడలేదు.

ఆ సోమవారం ఆయన రావడమే నవ్వుతూ వచ్చారు.

"ఏమండీ దశరథ గారూ, గంగలో మునిగారా? పాపాలన్నీ అక్కడే వదిలేశారా?"

"మునిగిన సారూ. చాయ్ కూడా ఆడనే వదిలిన."

"అదేమిటండీ, కాకరకాయ లేదా అక్కడ?"

"అందరు గదే వదిలిన్రు. దేవుని తాన గట్ల హుషారితనం చేసుడు మంచిగనిపియ్యలే."

"బాగానే ఉంది. పుణ్యం మీకు, షుగరు నాకూనా?"

సైదులు అప్పటికే రెండు గ్లాసులు తీసి పెట్టాడు. సంగతి విని ఒక గ్లాసు వెనక్కి పెట్టేశాడు. "నా బండి మీద ఏం పగ అన్నా? కాశీ దాక పోయి చాయ్ బంద్ పెట్టుకొని ఒచ్చినవ్" అన్నాడు.

మూర్తిగారు నిండు గ్లాసు తీసుకున్నారు. సగం తాగి ఆగారు. మిగిలిన సగాన్ని పారబోయడానికి చేయి రాక దాన్ని కూడా తాగేశారు. మంగళవారం సైదులు, "సగమే పోస్త తీయ్ సారూ" అన్నాడు. ఆయనే వద్దన్నారు. "సగం టీ ఒక్కణ్ణీ తాగడమేమిటయ్యా, ఆస్పత్రిలో మందు తాగినట్టు" అన్నారు.

బుధవారం పదకొండుకు ఆయన రాలేదు. పేపర్లు నా ఫోనుకు వాట్సాప్‌లో వచ్చాయి. కింద 'నలభై కాపీలు' అని ఉంది. ఆ తరువాత రోజూ అంతే.

ఆదివారం కోసం ఎదురుచూసే మనుషులను చూసి, వీళ్ళకేం కష్టం వచ్చింది అనుకునేవాణ్ణి. ఇప్పుడు నేను గడియారం చూడటం మొదలుపెట్టాను. పదకొండు వచ్చేది, పోయేది. బయటికి వెళ్ళడానికి నాకు పని లేదు. ఒక అమ్మాయి నోట్సు సగం పేజీలు తలకిందులుగా బైండింగ్ చేసి ఇచ్చాను. ఇంట్లో పప్పులో ఉప్పు గురించి మాట అన్నాను. మా ఇంట్లో నేను ఉప్పు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

అండాలమ్మ గరిటె పక్కన పెట్టింది. "చాయేమో దేవునికిచ్చినవ్. కోపం మాకు తెచ్చినవ్. కాశీ ప్రసాదం ఇదేనా?" అంది.

ఎనిమిది రోజులు అట్లా గడిచాయి. గురువారం పొద్దున షాపుకు పోయే ముందు గుడికి వెళ్ళాను. దర్శనమయ్యాక పూజారిని అడిగాను. "అయ్యగారూ, కాశీల వదిలింది మళ్ళ తీసుకోవచ్చునా?"

"పొరపాటున వదిలారా?"

"లేదు, తెలిసే వదిలిన."

"మరి నన్నెందుకు అడుగుతున్నారు?" అని తీర్థం పోశాడు. వెనక వరుస నన్ను తోసింది.

మాట తప్పే ధైర్యం నాకు లేదు. కానీ షాపు దాకా నడుస్తుంటే ఒక సందేహం పట్టుకుంది. ఆ చాయ్ తొమ్మిదేళ్ళుగా ఇద్దరిది. నేను నాది మాత్రమే వదిలాను అనుకున్నాను. మూర్తిగారిని అడగకుండా ఆయనది కూడా గంగలో పోసి వచ్చానా? దేవుడే అడిగి ఉంటే ఇట్లా ఇంకొకరిది కూడా అడిగేవాడా? నాకు తెలియదు. చదువుకున్నవాళ్ళకు తెలుసేమో.

ఆ రోజు పదకొండుకు మొదటిసారి ఆ మెట్లు నేను ఎక్కాను. మూర్తిగారు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. పక్కన మారీ బిస్కెట్లు రెండు, నీళ్ళ సీసా.

"ఏమండీ, పేపర్ సరిగా రాలేదా?"

"పేపర్ మంచిగనే ఒచ్చింది సారూ. మీరే ఒస్తలేరు."

"నేనొచ్చి ఏం చేయనండీ? మీ ఎదురుగా నిలబడి గుటకలు వేయమంటారా? మీకు ఇబ్బంది కాదూ?"

"ఇబ్బందే. అయినా రాండ్రి."

ఆయన బిస్కెట్ పొడి దులుపుకున్నారు. "నిజం చెప్పనా? అక్కడ వదిలేసిన వాటిలో నేనూ ఉన్నానేమో అనుకున్నానండీ" అన్నారు. హాస్యానికి అన్నట్టే అన్నారు. నేను నవ్వలేకపోయాను.

"నడువుండ్రి" అన్నాను.

బండి దగ్గర నేనే చెప్పాను, వన్ బై టూ అని. సైదులు నా వైపు అనుమానంగా చూశాడు. "తాగుతవా అన్నా?"

"ముందుగాల పొయ్."

పోశాడు. అల్లం వాసనకు నోట్లో నీళ్ళు ఊరాయి. నేను అనుకోకముందే నా చేయి గ్లాసు పట్టుకుంది. వేడి వేళ్ళకు తగిలింది. మూర్తిగారు తన గ్లాసు ఎత్తలేదు. నా గ్లాసు వైపే చూస్తున్నారు. తాగితే ఎవరికి చెప్పుకోవాలి, తాగకపోతే ఎందుకు పోయించాను? అంత దూరం పోయి ఇచ్చిన మాట ఒక గుటక దూరంలో ఉంది.

పిల్లర్ కింద గంపలో జామకాయలు అమ్మే తిరుపతమ్మ అప్పటిదాకా మమ్మల్ని చూస్తూనే ఉంది. ఇక ఉండబట్టలేక కేక వేసింది. "ఏందన్నా గంతసేపు సూస్తున్నవ్? ఈగ పడ్డదా?"

"లేదక్కా. నువ్వు తాగుతవా?"

"సగం గిలాసా? గింత పిసినారి చాయ్ నేనేడ సూడలే."

"సగమే ఉంటది. తక్కిన సగం ఈ సారుది."

ఆమె లేచి వచ్చి రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి వంగి చూసింది. "సారుకు ఎక్కువ పోసిన్రు" అని మూర్తిగారి గ్లాసు తీసుకుని తాగేసింది.

మూర్తిగారు దగ్గు వచ్చేలా నవ్వారు. మిగిలిన నా గ్లాసు ఆయనకిచ్చాను.

"మరి నువ్వేం తాగవా?" అంది తిరుపతమ్మ.

"కాశీల వదిలిన."

"చాయ్ ఎవరన్న వదులుతరా అన్నా? తెల్విగల్లోడు కాకరకాయ వదుల్తడు."

"నేనూ అదే అన్నానమ్మా, వింటేనా" అన్నారు మూర్తిగారు.

దీనికి నెల దాటింది. చాయ్ మీద ఆశ పోలేదు. కొన్ని రోజులు మరీ ఎక్కువగా ఉంటుంది. అప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసుకుని నిలబడతాను. అయినా రోజూ వెళ్తాను. నా సగం ఇప్పుడు తిరుపతమ్మ తాగుతుంది, అల్లం ఎక్కువైందని సైదులుతో తగువు పెట్టుకుంటుంది. మూర్తిగారు ఆమె పక్షాన వాదిస్తారు. నా పక్షం ఎవరూ అడగరు. తాగనివాడి మాటకు విలువ లేదని సైదులు తేల్చేశాడు.

ఇవాళ నేను యాభై పేజీల పనిలో ఉండగా బయటి నుంచి తిరుపతమ్మ గొంతు వినిపించింది. "ఏందన్నా, టైమయింది! సారు ఒచ్చి నిలబడ్డడు!"

బల్ల ముందున్న అమ్మాయి కంగారుపడింది. "అంకుల్, నాకు పన్నెండున్నరకు ఎగ్జామ్ ఉంది."

"పది నిమిషాలమ్మా. కూచో, ఫ్యాన్ కింద కూచో" అని మిషన్ ఆపి బయటికి నడిచాను. దేవుడి లెక్కలో పుణ్యమో కాదో తెలియని ఆ పది నిమిషాల కోసం ఒక పిల్లను ఆపడం తప్పేనేమో. తిరిగి వచ్చి ఆమె పని ముందు చేశాను.