జ్వరం వచ్చిన రోజులు

ప్రయోగశాలలో అందరూ అతన్ని మిల్లీగ్రాము అనేవారు. సైన్యానికి పరికరాలు తయారుచేసే ఆ చోట, లోపలి గదిలోని సున్నితమైన త్రాసులను బాగుచేసేది అతనొక్కడే. తూకంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ మనిషికి అన్నం సయించదు. ఆ గదిలోకి వెళ్ళాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి, ఐదేళ్ళకోసారి దాన్ని మళ్ళీ తీసుకోవాలి. ఇప్పుడు ఆ గడువు దగ్గరపడింది. అనుమతి రాకపోతే త్రాసులకు దణ్ణం పెట్టి, గేటు బయటి గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దుకోవడమే.

ఫారంలో ఒక ప్రశ్న ఉంది: మద్యం వల్ల ఎప్పుడైనా చికిత్స తీసుకున్నారా? బావమరిది చూసి, లేదని రాసి పారేయమన్నాడు. నాలుగేళ్ళ కిందటి సంగతి ఎవడు తవ్వుతాడని అతని ధీమా. మిల్లీగ్రాము అవునని రాశాడు. ఎన్నాళ్ళు తాగిందీ, ఎన్ని వారాలు ఆసుపత్రిలో ఉన్నదీ, చివరి గుక్క ఏ తేదీన తాగిందీ, మానేసినవాళ్ళ సమావేశానికి ఇప్పటికీ ప్రతి శనివారం వెళ్తున్నదీ అన్నీ రాశాడు. చోటు చాలక వెనక పేజీకి కూడా ఎక్కాడు. అంత నికార్సయిన మనిషి, రాసిన సంగతి భార్యకు మాత్రం చెప్పలేదు. భయపడుతుందనుకున్నాడు.

రెండు వారాలకు విచారణాధికారి ఇంటికి వచ్చాడు. మిల్లీగ్రాము డ్యూటీలో ఉన్నాడు. అధికారి అడగ్గానే భార్య తడుముకోకుండా, మా ఆయన చుక్క ముట్టి ఎరగరని చెప్పేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆయనకు ఆ వాసనే పడదని కూడా చేర్చింది.

మర్నాడు ఇద్దరికీ పిలుపొచ్చింది. బల్లమీద అతని ఫారం, పక్కనే ఆమె చెప్పిన మాటల కాగితం. అధికారి గొంతు పెంచలేదు. ఒకప్పుడు తాగినంత మాత్రాన అనుమతి ఆపరనీ, మానేసి నిలబడ్డవాళ్ళు లోపల పనిచేస్తున్నారనీ అన్నాడు. గుట్టు దాచుకున్న మనిషిని ఎవడైనా బెదిరించి లొంగదీసుకోవచ్చు, తన భయం అదేనన్నాడు. ఇంట్లోవాళ్ళే ఇలా దాస్తుంటే, అతను నిజంగా మానేశాడని తాను ఎలా నమ్మాలని అడిగాడు.

భార్య బల్లమీద తన మాటలున్న కాగితం వైపు చూసింది.

"ఆ రోజుల్లో ఆఫీసు నుంచి ఫోనొస్తే, ఆయనకు జ్వరమని చెప్పేదాన్ని సార్," అంది. "పక్క గదిలో ఒళ్ళు తెలియకుండా పడుండేవారు. జ్వరం, కడుపునొప్పి, నడుంనొప్పి, అన్నీ నేనే తెప్పించాను. మొన్న మీరు అడగ్గానే ఆ నోరే మాట్లాడేసింది. ఆయన తాగుడు మానేశారు. నేనే అబద్ధం మానలేదు."

అధికారి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుని ఆమె చేత సంతకం పెట్టించాడు. మిల్లీగ్రాముకు ఏడుపొచ్చింది. తన తాగుడు ఆమెకు కూడా ఒక జబ్బు అంటించిందని ఈ నాలుగేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. అందుకు సిగ్గుపడ్డాడు.

నెల తిరిగేసరికి అనుమతి వచ్చింది. ఆ ఆదివారం పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోను. ఒక త్రాసు మొరాయిస్తోందట, ఒకసారి వచ్చి చూడమంటున్నారు. మిల్లీగ్రాము దుప్పటి ముసుగేసుకుని నిజంగానే వణుకుతున్నాడు.

భార్య "ఆయనకు..." అని ఆగిపోయింది. ఒక్క నిమిషం ఉండమని చెప్పి థర్మామీటరు తెచ్చింది. అతని నాలుక కింద పెట్టి, తీసి, కిటికీ దగ్గర వెలుగులో రెండుసార్లు చూసింది. అప్పుడు ఫోను అందుకుంది.

"జ్వరం సార్. నూట రెండు మీద మూడు గీతలు. ఇప్పుడే చూశాను."