మోకాలికి మార్కులు

వల దడిలోకి వంగి సత్యవేదం గుడ్లు ఏరుతున్నాడు. తెల్లవారేలోగా బాతులు ఎక్కడపడితే అక్కడ పెట్టేస్తాయి, ఎండుగడ్డిలో కొన్ని, బురదలో కొన్ని. మామూలు మనిషైతే గొంతుక్కూర్చుని చుట్టూ ఉన్నవన్నీ ఒక్క ఊపులో ఏరేస్తాడు. సత్యవేదం కుడికాలు పక్కకి చాపి, నడుం దగ్గర వంగి, ఒక్కొక్కటే తీసి బుట్టలో పెడతాడు. పెట్టేముందు ప్రతి గుడ్డునీ లుంగీ అంచుకి తుడుస్తాడు. తుడవక్కర్లేదని గుడ్లు పట్టుకెళ్ళే వ్యాన్ అతను చాలాసార్లు చెప్పాడు. అయినా తుడుస్తాడు.

మనిషి పొట్టి. చెవులు పెద్దవి. యాభై మూడేళ్ళకే కనుబొమలతో సహా నెరిసిపోయాడు. కుడి మోకాలి మీద పక్కపక్కనే రెండు గాట్లు ఉన్నాయి. మొదటిది పాతబడి సన్నగా తెల్లబడింది, రెండోది ఇంకా చేతికి తగులుతుంది. ఎడమ మోకాలి కింద ఒకే గాటు. రెండోసారి నరం అక్కణ్ణించి తీసి ఇక్కడ వేశారు. ఎవరైనా అడిగితే లుంగీ కాస్త పైకెత్తి, "ఇది దానికిచ్చిందండి" అని రెండు కాళ్ళనీ పరిచయం చేస్తాడు.

అంతా ఒక్క బాతు వల్ల వచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట కలిదిండి దగ్గర చేపల చెరువు గట్టు మీద జారి మోకాల్లో నరం తెగితే, ఏలూరులో ఆపరేషన్ చేశారు. తొమ్మిది నెలలు బురదలో దిగవద్దన్నారు. నాలుగో నెలకే నొప్పి మాయమైంది. నొప్పి పోయాక జాగ్రత్త పడేవాడెవడు? మంద విడిచిన బాతొకటి బోదె కాలవ దాటి అవతలికి పోతుంటే, పాత అలవాటు కొద్దీ ఒక్క గెంతు గెంతాడు. బాతు దొరికింది, కొత్త నరం తెగింది.

ఊగిసలాడే కాలితో నాలుగేళ్ళు నెట్టుకొచ్చి రెండోసారి కోయించుకున్నాడు. అప్పుడు డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పారు. రెండోసారి వేసింది మొదటిదంత బాగుంటుందని ఆశ పెట్టుకోవద్దు, నడకకి పనికొస్తుంది, అదీ పట్టు తప్పడం మొదలైతే ఇక బురద మానెయ్యాల్సిందే. సత్యవేదం తల ఊపాడు. పక్కన నిలబడ్డ భార్య పుష్పమ్మ కూడా ఊపింది. బురద మానడమంటే బాతులు మానడమని ఇద్దరికీ తెలుసు.

రెండోసారి కోయించుకున్నవాళ్ళు ఎలా ఉన్నారో ఐదేళ్ళపాటు కనుక్కోవాలని ఆ ఆసుపత్రివాళ్ళు పెట్టుకున్నారు. అందుకని ప్రతి డిసెంబర్లోనూ దీవెన అనే అమ్మాయి ఫోన్ చేస్తుంది. ఈరోజూ గుడ్ల బుట్ట నిండుతుండగా చేసింది.

"సత్యవేదంగారూ, బాగున్నారాండీ? ఏలూరు నుంచి దీవెననండి."

"బాగున్నానమ్మా. బాతుల్ని విప్పే వేళ. సాయంత్రం నాలుగింటికి చెయ్యగలవా తల్లీ?"

"అలాగేనండి. ఐదేళ్ళూ అయిపోయాయి కదండీ, ఇదే ఆఖరిసారి. తీరిగ్గా చెబుదురుగాని."

ఆ ప్రశ్నలు సత్యవేదానికి కంఠతా వచ్చు. నొప్పి ఉందా, వాపు వస్తోందా, మెట్లు ఎక్కగలరా. వాళ్ళ ఇంటికి మెట్లే లేవు, చర్చికి మూడున్నాయి. పరిగెత్తగలరా అంటే మొదటి ఏడు పడీపడీ నవ్వాడు. బాతుల వెనక పరిగెత్తేవాడు బాతులు మేపలేడు, అవి చెదిరిపోతాయి. ఆ ముక్క కూడా ఆ పిల్ల రాసుకుంది. అన్నీ అయ్యాక, మీ మోకాలికి నూటికి ఎన్ని మార్కులు వేస్తారని అడుగుతుంది. ఐదో తరగతిలో బడి మానేసిన సత్యవేదానికి చిన్నప్పుడు మార్కులు వేసినవాళ్ళే గాని వేయమని అడిగినవాళ్ళు లేరు. అందుకని ముందురోజు నుంచే ఆలోచించి వేస్తాడు. మొదటి ఏడు అరవై వేశాడు. తర్వాత డెబ్బై, డెబ్బై, డెబ్బైఅయిదు.

వాటితో పేచీ లేదు. పేచీ అంతా ఇంకో ప్రశ్నతోనే. మోకాలు ఎప్పుడైనా పట్టు తప్పుతోందా? మొదటి మూడేళ్ళూ లేదన్నాడు, అది నిజం. పోయిన ఏడాదీ లేదన్నాడు. అది అబద్ధం. పోయిన సార్వా వరి కోతల్లో నాలుగుసార్లు కాలు ఉన్నట్టుండి వదిలేసింది. ఈసారి అవునంటే డాక్టరుగారు పిలుస్తారు, పుష్పమ్మకి తెలుస్తుంది, మంద అమ్మేయమంటుంది. బాతులు లేకపోతే తెల్లారి లేచి ఏం చెయ్యాలో అతనికి తోచదు. కాదంటే, పాపం నమ్మి రాసుకునే పిల్లకి రెండోసారి అబద్ధం చెప్పినట్టు. ఈ మథనం మనసులో పెట్టుకునే వల విప్పాడు.

నాలుగువందల బాతులు గోల చేసుకుంటూ రోడ్డు దాటాయి. నిడమర్రు వైపు పోయే బస్సు ఆగి దారిచ్చింది. బంగార్రాజుగారి చేలో కోత మిషన్ వెళ్ళి మూడు రోజులైంది. రాలిన గింజలు, చిన్న నత్తలు, పల్చటి నీళ్ళు, బాతులకి ఇంతకన్నా ఏం కావాలి? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న పెద్దమనిషెవరో గాని ఒక్కరోజు కూడా బాతులు మేపి ఉండడు.

సత్యవేదం బురదవైపు నడిచాడు, పుష్పమ్మ గట్టువైపు. ఇద్దరి చేతుల్లోనూ చివర కవరు కట్టిన పొడుగాటి కర్రలు. ఎండ ఎక్కింది. దూరంగా కొల్లేటి వైపునుంచి కొంగల బారు ఒకటి వచ్చి మంద వెనకే వాలింది. మిషన్ చక్రం చేసిన గాడిలో సత్యవేదం కుడికాలు పడింది. పడగానే మోకాల్లో ఏదో పక్కకి జరిగింది. రెండు చేతులూ బురదలో ఆనించి నిలదొక్కుకున్నాడు. ఒక్క క్షణం అలాగే ఉండి, లేచి, కాలు దులిపి చూసుకున్నాడు. నిలబడింది. వెనక్కి తిరిగి చూస్తే పుష్పమ్మ ఎటో చూస్తోంది. హమ్మయ్య అనుకున్నాడు.

కాసేపటికి ఆవిడ చేనుకి అడ్డంపడి వచ్చింది.

"ఏవండీ, గట్టు మీద ముళ్ళు గుచ్చుకుంటున్నాయి. మీరటు నడవండి, నేనిటు నడుస్తాను."

అతను సంతోషంగా గట్టెక్కాడు. గట్టు మీద ఒక్క ముల్లూ కనపడలేదు. ఆడవాళ్ళ పాదాలు మెత్తన అనుకున్నాడు. పుష్పమ్మ పాదాలు ఎంత మెత్తనో ఆ ఊళ్ళో కంకర రోడ్డుకి తెలుసు.

మధ్యాహ్నం బాతులు నీళ్ళ పక్కన ముడుచుకుని కూర్చున్నాక, కొబ్బరిచెట్ల నీడలో ఇద్దరూ క్యారేజీ విప్పారు. అన్నం, ఎండుచేపల పులుసు, మాగాయ ముక్క. నాలుగు ముద్దలు తిన్నాక సత్యవేదం ముద్ద చేత్తో పట్టుకుని ఆగిపోయాడు.

"పుష్పా, ఈసారి ఆ పిల్లకి చెప్పేస్తాను."

"ఏం చెబుతారు?"

"కాలు అప్పుడప్పుడూ వదిలేస్తోందని."

పుష్పమ్మ పులుసులో చేపముక్క తీసి అతని కంచంలో వేసింది. "చెప్పండి. నాకెప్పుడో తెలుసులెండి."

"ఎప్పటినుంచి?"

"పోయిన సార్వా నుంచి. లేని ముళ్ళన్నీ ఊరికే గుచ్చుకుంటాయా నాకు?"

సత్యవేదానికి నవ్వాగలేదు. పొరమారింది. ఆవిడ నెత్తి మీద తట్టి నీళ్ళిచ్చింది.

"మంద అమ్మేద్దామంటావేమోనని..." అన్నాడు తేరుకున్నాక.

"బురదలో నేను నడుస్తాను, గట్టు మీద మీరు నడవండి. డాక్టరుగారు బురద మానమన్నారు గాని గట్టు మానమన్లేదు కదా. దీనికి మంద అమ్మడం ఎందుకండీ?"

ఏడాదిగా మోసిన బరువు అంత సులువుగా దిగిపోవడం అతనికి ఆశ్చర్యంగా ఉంది. ఇంత తెలివైన మనిషితో ముప్పయ్యేళ్ళు కాపురం చేసి, ఈ ముక్క ముందే అడగనందుకు తనని తనే తిట్టుకున్నాడు. కడుపు నిండా తిన్నాడు.

"ఇంతకీ ఎన్ని వేస్తారు?" అంది పుష్పమ్మ గిన్నెలు కడుగుతూ. "రెండుసార్లు కష్టపడ్డారు, ఆఖరిసారైనా నూరు వెయ్యరాదూ?"

"నూరు ఎవరికీ వెయ్యకూడదు పుష్పా. ఇంకెంతో కొంత మిగలాలి." తువ్వాలు మొహం మీద కప్పుకుని పడుకున్నాడు. "లేచాక ఆలోచించి చెబుతాను."

మూడు దాటాక ఎండ వాలింది. బాతులు ఒక్కొక్కటే మెడలు చాపి లేచాయి. మంద కదిలిన చప్పుడుకి సత్యవేదం ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాడు. ఈవేళ లేవలేదు. పుష్పమ్మ రెండుసార్లు పిలిచి, దగ్గరికొచ్చి తువ్వాలు తీసింది. మొహం నిద్రపోతున్నట్టే ఉంది, చెయ్యి చల్లగా ఉంది. గుండె ఆగిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటికి ఆవిడకి అదేమీ తెలీదు. తల ఒళ్ళో పెట్టుకుని, బాతులు ఎటు పోతున్నాయో చూడకుండా, రోడ్డున పోయేవాళ్ళు వచ్చేదాకా ఏడుస్తూ కూర్చుంది. నాలుగింటికి చొక్కా జేబులో ఫోన్ మోగింది. తియ్యలేదు.

సమాధి చేసిన నాలుగో రోజున దీవెన మళ్ళీ చేసింది. గుమ్మానికి వేలాడుతున్న క్రిస్మస్ నక్షత్రం కింద నిలబడి పుష్పమ్మ మాట్లాడింది.

"ఆయన లేరమ్మా. నువ్వు చేసిన రోజే, నిద్దట్లో పోయారు."

"అయ్యో... నాకు తెలీదండి. ఏమీ అనుకోకండి. ఫారం ఇక్కడితో ఆపేస్తానండి."

"ఆపకమ్మా. ఆ పూటంతా దాని గురించే ఆలోచించారు. నువ్వడుగు, నేను చెబుతాను."

దీవెన ఒక్కొక్కటే అడిగింది. నొప్పి లేదని చెప్పింది పుష్పమ్మ. చలికాలంలో వాపు కొంచెం వచ్చేదని చెప్పింది. పరిగెత్తేవారు కాదని, పరిగెత్తాల్సిన పని పడలేదని చెప్పింది.

"మోకాలు ఎప్పుడైనా పట్టు తప్పేదాండి?"

"తప్పేది. పోయిన ఏడు నీకు లేదని చెప్పారు. అది తప్పు, దిద్దుకో తల్లీ."

"దానివల్ల పని మానాల్సొచ్చిందాండి?"

"లేదమ్మా. పక్కన నేనున్నానుగా."

రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆ అమ్మాయి ఆగి, ఆగి అడిగింది. "ఆఖరిదండి. నూటికి ఎన్ని వెయ్యమంటారు?"

లేచాక చెబుతానన్న మాట పుష్పమ్మకి గుర్తొచ్చింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"తొంభై తొమ్మిది వెయ్యమ్మా" అంది. "నూరు వేస్తే ఆయన ఊరుకోరు."

ఫోన్ పెట్టేసి కిందికి చూసింది. ఆరోజు చేను దగ్గర ఆయన విడిచినవి ఎవరో తెచ్చి గుమ్మం పక్కన పెట్టారు. ఎండిన బురద అంటుకున్న ఆ హవాయి చెప్పులకి, కుడిదానికీ ఎడమదానికీ, మడమలు ఒక్కలాగే అరిగి ఉన్నాయి.